తెల్లగా కడిగిన ఫోటో

మా మనవరాలు మా బాత్‌రూమ్‌ను ఆక్రమించుకుని పది రోజులైంది. లంబాలైన్ పేటలో మా ఇంటికి ఉన్నదే ఒక్క బాత్‌రూమ్. దాని కిటికీకి నల్ల ప్లాస్టిక్ అంటించింది, తలుపు కింద నా తుండుగుడ్డ కుక్కింది, వాషింగ్ మిషన్ మీద మూడు ట్రేలు వరసగా పెట్టింది. నలుపు తెలుపు ఫోటోలు ఇంట్లోనే కడుక్కోవడం ఇప్పుడు మళ్ళీ గొప్పయిందట. కావలసిన సామానంతా ఒక పెట్టెలో పెట్టి అమ్ముతున్నారు. అందులో మందులు, కాగితం, చేతి తొడుగులు, వాటితోపాటు మనసును ప్రశాంతంగా ఎలా ఉంచుకోవాలో చెప్పే ఒక చిన్న పుస్తకం కూడా ఉంది. ఫోటో కడగడానికి ప్రశాంతత కావాలన్న సంగతి నాకు ఈ వయసులో తెలిసింది.

“అమ్మమ్మా, నువ్వు బయటే కూర్చో నా. స్మెల్ ఆతా హై, నీకు పడదు,” అంది.

నాకు పడదట! ఆ మందు మరకలు గోళ్ళకు పెట్టుకుని బడికి వెళ్ళి, చేతులు కడుక్కోవడం రాదా అని టీచరమ్మ చేత బెత్తం దెబ్బలు తిన్నదాన్ని నేను. వెళ్ళి వరండాలో కూర్చున్నాను. గంట తర్వాత తలుపు తెరుచుకుని, చుక్కలు కారుతున్న కాగితం ఒకటి పట్టుకుని బయటికి వచ్చింది. మా పెరట్లో అరటిచెట్టు. దాని మీద బూడిద చల్లినట్టుంది. నలుపు నలుపు కాదు, తెలుపు తెలుపు కాదు.

“మందులోంచి తొందరపడి తీసేశావు,” అన్నాను.

“యే వింటేజ్ లుక్ హై, అమ్మమ్మా,” అని, ఆ ఫోటోకు ఫోనుతో ఇంకో ఫోటో తీసి లోకమంతటికీ పంపింది. లోకం బాగుందని చెప్పిందట. లోకానికి పనేముంది.

దాని చేతుల మీది హైపో మందు వాసనకు నాకు మా బాబాయి గుర్తొచ్చాడు. గుర్తొచ్చి కళ్ళు చెమర్చాయని రాస్తే చదివేవాళ్ళకు బాగుంటుంది గాని, చెమర్చలేదు. ఒళ్ళు మండింది.

బాబాయి మా నాన్నకు ఒక్కగానొక్క తమ్ముడు. విశాఖ వైపు నుంచి అన్నదమ్ములిద్దరూ మా మామ్మను వెంటబెట్టుకుని ఒకే ఓడలో ఈ దీవిలో దిగారు. నాన్న ఛాథం రంపపు మిల్లులో పనికి కుదిరాడు. బాబాయి ఓడల ఆఫీసులో గుమాస్తా అయ్యాడు. ఏడాది తిరక్కుండా ఆయనకొక కుర్చీ ఇచ్చారు. ఆ కుర్చీలోంచి ఆయన మరి దిగలేదు. ఇంట్లో చాప మీద కూర్చుని చేపల పులుసు జుర్రుకుంటున్నా, కుర్చీలో ఉన్నట్టే మాట్లాడేవాడు. చూడ్డానికి మనిషి బాగానే ఉండేవాడు. పొడగరి, మంచి పలువరస, గట్టి ముక్కు. నలుపు. మా ఇంట్లో అందరం నలుపే, ఎవరికీ దాని బాధ లేదు. ఆయనకు మాత్రం అది ఎవరో పైఅధికారి తనకు చేసిన అన్యాయంలా ఉండేది. రోజూ పొద్దున్న మొహానికి పౌడరు దట్టించి ఆఫీసుకు బయల్దేరేవాడు. పదింటికల్లా చెమటకు అది చారలు కట్టేది. అది ఎవరికీ కనపడదని ఆయన నమ్మకం.

బదిలీ మీద వెళ్ళిపోతున్న ఓడ ఆఫీసరు ఒకాయన తన పాత పెట్టె కెమెరాను బాబాయి చేతిలో పెట్టి పోయాడు. అంతే, మా బాబాయి ఆర్టిస్టు అయిపోయాడు. బజారులో ఫోటోలు తీసేవాడు కావాలనే తన మొహాన్ని నల్లగా కడుగుతున్నాడని ఆయనకు ఎప్పటినుంచో అనుమానం. ఇక మన ఫోటోలు మనమే కడుక్కుందాం అన్నాడు. మద్రాసు ఓడలో పనిచేసే ఒకతనికి చెప్పి మందుల పొట్లాలు, కాగితం, ఎలా చేయాలో రాసిన ఇంగ్లీషు పుస్తకం తెప్పించాడు.

ఆ పార్సిలు విప్పిన మధ్యాహ్నం నాకు బాగా గుర్తు. మామ్మ వరండాలో చేతులకు నూనె రాసుకుని పనసతొనలు వలుస్తోంది. వీధంతా ఆ పండు వాసనే. బాబాయి ఎండలో ముక్కాలిపీట వేసుకుని కూర్చున్నాడు.

“ఏటిరా అది?” అంది మామ్మ.

“ఫోటో కాయితమే అమ్మా. వందుండాల. ఓడోళ్ళు మధ్యలో నొక్కేసుంటారు. లెక్క సూసుకోవాల.”

సరుకు చేతికొస్తే లెక్కపెట్టి గాని పుచ్చుకోకూడదన్నది ఆయనకు ఆఫీసు నేర్పిన ఒకే ఒక్క విద్య. పైన చుట్టిన నల్ల కాగితం విప్పి, బొటనవేలికి ఉమ్మి తడి చేసుకుని, మిట్టమధ్యాహ్నం ఎండలో ఒక్కొక్క కాగితమే తీసి లెక్కపెట్టాడు. మధ్యలో మామ్మ పలకరించిందని మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టాడు. వందకు వందా ఉన్నాయి. ఈ కాగితానికి వెలుతురు తగలకూడదని ఆ పుస్తకం మొదటి పేజీలోనే ఉంది. ఆయన రెండో పేజీ నుంచి చదివాడు. మొదటి పేజీలో ముందుమాట తప్ప ఏముంటుందిలే అనుకున్నాడట. మందులో వేసిన కాగితమల్లా బొగ్గయి పైకి తేలింది. సరుకు లెక్క సరిపోయింది గాని నాణ్యత లేదని పంపినవాళ్ళకు ఇంగ్లీషులో ఫిర్యాదు రాశాడు. ఆ ఫిర్యాదును మాకు చదివి వినిపించాడు కూడా.

మళ్ళీ ఓడ వచ్చేలోపల ఆ పుస్తకం నేను చదివాను. నాకప్పుడు పదమూడేళ్ళు. బడిలో ఇంగ్లీషు బాగా వచ్చేది. తెలియని మాటకు డిక్షనరీ చూసుకుంటూ మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివాను. అప్పటినుంచి లోపలి పని నాది, బయట కబుర్లు ఆయనవి.

మా చీకటి గది అంటే పెరట్లో కట్టెల కొట్టు. రేకుల గోడలు. ప్రతి మేకు కన్నంలోంచీ వెలుతురు సూదిలా దిగేది. మైదా పిండి ఉడికించి, పాత కాగితాలతో ఒక్కొక్క కన్నమే మూశాను. ఆ కాగితాన్ని పాడుచేయని వెలుతురు ఎరుపొక్కటే. ఆ ఎర్రదీపం కోసం బాబాయి ఆఫీసు సామానులోంచి ఒక ఎర్ర అద్దం తెచ్చాడు. రాత్రిపూట ఎదుటి ఓడకు తెలియడానికి పడవకు ఎడమవైపు వెలిగిస్తారే, ఆ దీపానిది. దాని వెనక బల్బు పెట్టుకున్నాం. మందులకు మూడు ఎనామిల్ పళ్ళేలు. ఒకదాంట్లో బొమ్మను పైకి తెచ్చే మందు, రెండోదాంట్లో నీళ్ళు, మూడోదాంట్లో ఆ బొమ్మను నిలబెట్టే హైపో. హైపో పలుకులు అచ్చం కలకండలా ఉండేవి. మా తమ్ముడు ఒక పలుకు బుగ్గన పెట్టుకుని తియ్యగానే ఉందని చెప్పాడు. వాణ్ణి తలకిందులుగా పట్టుకుని ఉమ్మించేసరికి మామ్మకు ఆయాసం వచ్చింది.

ఆదివారం ఆరాధన నుంచి వచ్చి, అన్నాలు తిని, ఆ రేకుల కిందికి దూరేవాళ్ళం. ఒళ్ళు ఉడికిపోయేది. మా కన్నా ముందు మందు ఉడికిపోయేది. వేడి మందులో కాగితమంతా పొగచూరినట్టు అయ్యేది. దానికి ఉపాయం మా దిగువింటి ఆవిడ చూపించింది. వాళ్ళు చేపలు పట్టేవాళ్ళు. పడవలో చేపల మీద వేసే ఐసు ముక్కలు రంపపు పొట్టులో చుట్టి తెచ్చి ఇచ్చేది. అందరం ఆవిణ్ణి ఐసు అప్ప అనేవాళ్ళం. పెద్ద సత్తు బేసినులో ఐసు పోసి, అందులో మందు పళ్ళెం పెడితే సరిపోయేది. మా ఫోటోలన్నిటికీ కొంచెం కొంచెం చేపల వాసన. బాబాయి అది మందుల వాసన అని అందరికీ చెప్పేవాడు.

నీళ్ళ దగ్గర మామ్మతో యుద్ధం. ఎండాకాలంలో కుళాయి రోజుకు గంట వస్తే గొప్ప.

“తాగీడానికి పానీ లేదు గానీ బొమ్మలకి తలంటు పోస్తారేటి?” అని పీపా మీద మూత పెట్టి దాని మీద కూర్చునేది. 

నేను ఫోటోలు బకెట్లో వేసుకుని రేవుకు పోయి ముందు సముద్రంలో కడిగి, తర్వాత ఒక్క చెంబు మంచినీళ్ళతో తొలిచేదాన్ని. ఆ పద్ధతి పుస్తకంలో లేదు. మా మనవరాలి పెట్టెలో ఉన్న పుస్తకం శుద్ధి చేసిన నీళ్ళు సీసాలో కొనుక్కోమంటుంది.

ఇక టైము. బాబాయికి చేతి గడియారం ఉండేది గాని, అది అందం కోసం కట్టుకున్నది, నడిచేది కాదు. అందుకని ప్రార్థనతో లెక్క. నెగిటివు కింద కాగితం పెట్టి, అద్దం అదిమి, పైన తెల్లబల్బు వెలిగించి, ప్రతి ఆదివారం గుడిలో అందరం కలిసి చెప్పే ప్రార్థన మొదలుపెట్టాలి. తప్పులు క్షమించమని అడిగే చోటుకు వచ్చి ఆర్పేస్తే మనిషి ఉన్నది ఉన్నట్టు వస్తాడు. అంతకుముందే, అనుదినాహారం అడిగే చోట ఆర్పేస్తే తెల్లగా వస్తాడు. ఎంత తక్కువ ప్రార్థిస్తే అంత తెలుపన్నమాట. మా బాబాయి ఏ ఫోటోకూ ఆహారం దాటి ముందుకు వెళ్ళలేదు.

ఈ సంగతి పాకిపోయింది. ఫలానా వారింట్లో తెల్లగా కడుగుతారట అని తెలుగు వాళ్ళందరూ మా వరండాకు వచ్చారు. ఫెరార్గంజ్ నుంచి కూడా బస్సెక్కి వచ్చారు. పొద్దుగూకులూ ఎండలో పనిచేసి వచ్చిన మనుషులు, దొరల మొహాలు కావాలని అడిగేవాళ్ళు. మా సంఘపెద్ద కుటుంబమైతే ఆరుగురూ తెల్ల చొక్కాలు, తెల్ల చీరలతో వచ్చి నిలబడ్డారు. బాబాయి ప్రార్థనను ఆహారం దాకా కూడా పోనివ్వలేదు. పన్నెండు కళ్ళు, పన్నెండు కనుబొమలు, ఆరు నోళ్ళు వచ్చాయి. ఒక్కరికీ ముక్కు లేదు. వాళ్ళ ఆనందానికి హద్దు లేదు.

ఐసు అప్ప ఆ ఫోటోను అటూ ఇటూ తిప్పి చూసింది. “ముక్కుల్లేవు గదమ్మా! ఊపిరెలాగ తీస్తారు ఈళ్ళు?” అంది. 

ఆ ఊళ్ళో కళ్ళున్న మనిషి ఆవిడొక్కతే.

ఆ ఫోటోకు అద్దం కట్టించి సంఘపెద్ద కిటికీ ఎదురుగా గోడకు తగిలించాడు. అప్పటికి ఓడ ఆలస్యమై మా దగ్గర హైపో అడుగంటింది. ముంచి తీస్తే చాలు అని బాబాయి ఆర్డరు. హైపో సరిగా పట్టని ఫోటో వెలుతురులో ఊరుకోదు, రోజురోజుకూ రంగు తిరుగుతుంది. రెండు నెలలు తిరిగేసరికి ఆ తెల్లటి మొహాలు ఆరూ వంకాయ రంగుకు వచ్చాయి. ఇంట్లో ఎవరో దాచిన పాపం బయటపడుతోందని గుళ్ళో గుసగుసలు. ఆయన భయపడిపోయాడు. ఒక బుధవారం ప్రార్థన కూటంలో లేచి నిలబడి, కోతల పండుగకు జనం తెచ్చిన కానుకల్లోంచి పెద్ద పనసపండు ఒకటి ఎవరికీ చెప్పకుండా ఇంటికి పట్టుకుపోయానని కన్నీళ్ళతో ఒప్పుకున్నాడు. అందరూ స్తోత్రం అన్నారు. హైపో సంగతి తెలిసిన నేను నోట్లో పైట కుక్కుకుని నవ్వాను. గాలిలో ఉప్పు వల్ల అలా అయిందని బాబాయి వివరించాడు. ఇలాంటి మనుషుల మధ్య పెరిగాను నేను.

అప్పటినుంచి హైపో విషయంలో ఆయన మాట వినడం మానేశాను. వినకపోయేసరికి పని వచ్చింది. కాగితం మీద మొహాన్ని మాత్రం వేరుగా ఎలా తేల్చాలో కూడా నేనే కనిపెట్టాను. అట్టముక్కను రూపాయి బిళ్ళంత గుండ్రంగా కత్తిరించి, చీపురుపుల్ల చివర గుచ్చి, బల్బుకూ నెగిటివుకూ మధ్య మొహం మీద ఆ నీడ పడేటట్టు ఆడిస్తూ ఉండాలి. చెయ్యి ఒక్క క్షణం ఆగితే అంచు గీత పడుతుంది. ఆపకుండా ఆడిస్తే చొక్కా, జుట్టు, వెనక గోడ అన్నీ నిజంగానే ఉంటాయి, మొహమొక్కటి వెలుగుతుంది. ముక్కు కూడా ఉంటుంది. బాబాయికి అది ఎన్నిసార్లు చూపించినా రాలేదు. ఆయన చెయ్యి వణికేది.

ఆ రోజుల్లోనే బాబాయికి సంబంధం వచ్చింది. విశాఖ దగ్గర మా వాళ్ళ ఊరి పాస్టరుగారు రాశారు. అమ్మాయి మిషను బడిలో టీచరు. ఫోటో పంపారు. బాబాయి దాన్ని పడక్కుర్చీలో పడుకుని చూశాడు.

“కలర్ తక్కువ,” అన్నాడు. “మొకం ఫర్వాలేదు. ఎడ్జస్ట్ అయిపోదాం.”

పౌడరు చారలు కట్టిన మొహంతో అన్నాడా మాట. నాకు అసహ్యం వేసింది. దాచమని ఫోటో నా చేతికిచ్చాడు. చూశాను. స్టూలు మీద చెయ్యి ఆనించి నిలబడిన మనిషి. పై వరసలో పన్ను మీద పన్ను ఉంది. దాన్ని దాచుకోవడానికి పెదవులు బిగించకుండా నవ్వుతోంది. వెనక్కి తిప్పితే, నోటుబుక్కులు దిద్దే టీచరు చేతిరాత, గుండ్రంగా, తప్పుల్లేకుండా.

‘ఇది పోయిన నెల తీసిన ఫోటో. నా ఎడమకాలు కొంచెం పొట్టి. ఫోటోలో కనపడదు, నడిస్తే తెలుస్తుంది. మీ ఫోటో కూడా ఈమధ్య తీసినదే, ఉన్నది ఉన్నట్టు పంపండి. చూసి చెబుతాను. సముద్రం దాటి వచ్చాక మళ్ళీ వెనక్కి వెళ్ళడం ఉండదు కదా.’

అది చదివి కట్టెల కొట్టులో చాలాసేపు కూర్చున్నాను. ఎప్పుడూ చూడని మనిషి మీద నాకు అంత గౌరవం అదే మొదటిసారి కలగడం. మా ఊళ్ళో ఇంతమంది మొహాలు దాచుకోవడానికి క్యూ కడుతుంటే, ఆవిడ కనపడని కాలు సంగతి కూడా రాసింది. ఆవిడకు అబద్ధం వెళ్ళకూడదు అనుకున్నాను. గట్టిగా అనుకున్నాను.

ఓడ మంగళవారం కదులుతుంది, టపా సోమవారం పొద్దున్నే కట్టేస్తారు. ఆ ఓడ తప్పితే మళ్ళీ ఎప్పుడో ఆఫీసులో ఉన్న బాబాయికే తెలియదు. ఆలస్యమైతే అమ్మాయికి వేరే సంబంధం చూస్తామని పాస్టరుగారు రాశారు. ఆదివారం బాబాయి తన నెగిటివు నాకిచ్చి, “ఒలే గుంటా, నీ సెయ్యి బాగా తిరిగింది. నువ్వే కడిగీ. తెల్లగా రావాల, సమజ్ గయీ?” అని గుడి పాటల ప్రాక్టీసుకు పోయాడు.

రెండు కడిగాను. మొదటిదానికి ప్రార్థన తప్పులు క్షమించమనే దాకా చదివాను. బొమ్మ మందులో నెమ్మదిగా పైకి తేలింది. నల్లటి నుదురు, చిన్నప్పటి అమ్మవారి మచ్చలు, గట్టి ముక్కు, తెల్లటి పలువరస. పౌడరు లేదు, కుర్చీ లేదు. మా బాబాయి ఇంత బాగుంటాడని నాకు అప్పటిదాకా తెలియదు. రెండోది చీపురుపుల్ల పట్టుకుని కడిగాను. ఆయనకు చూపించడానికి ఏదో ఒకటి ఉండాలి కదా. తెల్లది ఆయనకు చూపించి, నల్లది కవరులో పెట్టి అంటించేద్దామని నా ఎత్తు. కవరు అంటించే పని ఎలాగూ నాదే.

కాని ఆ రెండోది చేస్తున్నప్పుడు నా చెయ్యి ఎన్నడూ ఆడనంత బాగా ఆడింది. ఎక్కడా గీత లేదు. చెవులు, మెడ, కాలరు అన్నీ నిజం. మొహం మాత్రం లోపల ఎవరో దీపం పెట్టినట్టుంది. కళ్ళు పోలేదు, ముక్కు పోలేదు, మనిషి మాత్రం మారిపోయాడు. ఎర్రదీపం కింద దాన్ని చూస్తూ ఉండిపోయాను.

సాయంత్రం బాబాయి పాటల బృందాన్ని మొత్తం ఇంటికి తీసుకొచ్చాడు. మా పాస్టరుగారు కూడా వచ్చారు. ఫోటో చేతులు మారింది. పాస్టరుగారు దాన్ని కిటికీ దగ్గరికి తీసుకుపోయి చూసి, “ఎవరిదిది? చెయ్యి దేవుడిచ్చిన చెయ్యి,” అన్నారు. బాబాయి తనదే అంటాడని నేను ఎదురుచూశాను. అంటే బాగుండేది.

“నాను కాదండి. మా గుంట కడిగింది,” అన్నాడు. ఆయన నోట అలాంటి మాట అంతకుముందు వినలేదు, ఆ తర్వాతా వినలేదు.

అందరూ నా వైపు చూశారు. మామ్మ నా గోళ్ళ మరకలు అందరికీ చూపించి, “ఈ సేతుల్ని చూసి తిట్టీదాన్నండి,” అంది. పీపా మీది నుంచి లేచి, తనే ఒక చెంబు మంచినీళ్ళు ముంచి నాకిచ్చింది.

వాళ్ళు వెళ్ళాక కవరు ముందు కూర్చున్నాను. రెండు ఫోటోలూ ఉన్నాయి. వెనకవైపు ఆవిడ రాసిన మాటలు గుర్తున్నాయి. మర్చిపోయానని చెప్పను. కాని నల్లదాన్ని చూస్తే అది బజారులో ఎవడైనా కడిగేటట్టుంది. అటువైపు ఊళ్ళో కవరు విప్పి, ఈ దీవిలో ఫోటో కడగడం ఎవరికీ రాదనుకుంటారేమో అనిపించింది. నేను చేసిన వాటిల్లో అంత బాగా వచ్చింది ఇంకొకటి లేదు. అది పెట్టెలో పడి ఉండడం నాకు సహించలేదు. తెల్లదాన్ని కవరులో పెట్టి మైదా జిగురుతో అంటించాను. నల్లదాన్ని నాలుగు ముక్కలు చేసి మామ్మ పొయ్యిలో వేశాను. ఎవరూ బలవంతపెట్టలేదు.

జవాబు రెండు ఓడల తర్వాత వచ్చింది. ఒప్పుకుంది. బాబాయి వారం రోజులు ఆఫీసుకు ఈల వేసుకుంటూ పోయాడు.

ఆవిడ తన అన్నయ్యతో ఓడ దిగిన రోజు మేమందరం ఛాథం జెట్టీ మీద ఉన్నాం. ఎండ. బాబాయి కోటు వేసుకుని పౌడరు రాసుకుని ముందు నిలబడ్డాడు. ఆయన పక్కన ఓడ కోసం వచ్చిన పంజాబీ ఇంజనీరు ఒకాయన, ఎర్రగా, ఎత్తుగా. ఆవిడ పాటల పుస్తకం గుండెకు ఆనించుకుని, ఎడమకాలు జాగ్రత్తగా వేస్తూ నిచ్చెన దిగింది. పుస్తకంలోంచి ఫోటో అంచు బయటికి కనపడుతోంది. దిగి, మొహాలు వెతికింది. బాబాయి మొహం మీద ఆమె కళ్ళు ఆగలేదు, దాటిపోయాయి. మళ్ళీ వెనక్కి వచ్చి, మళ్ళీ దాటిపోయాయి. పక్కనున్న ఇంజనీరును చూసి, పన్ను మీద పన్ను కనపడేలా, సిగ్గుగా నవ్వింది. 

బాబాయి ఒక అడుగు ముందుకు వేసి, “నానండి,” అన్నాడు.

ఆవిడ ఆయన వైపు చూసింది. పుస్తకంలోంచి ఫోటో తీసి చూసింది. మళ్ళీ ఆయన్ని చూసింది. ఎక్కువసేపు కాదు. ఫోటో పుస్తకంలో పెట్టి, పుస్తకం మూసి, “ప్రయాణం బాగానే జరిగిందండి,” అంది. ఆమె వెనక ఓడ సామాను దించుతున్నారు. తిరిగి ఎక్కడానికి అదే ఓడ, కాని అది ముందు మద్రాసు పోతుంది, ఎక్కితే ఏమని చెప్పి ఎక్కాలి. ఆ ఆదివారమే పెళ్ళి అయింది.

అందరూ అనుకున్నట్టే కాపురం చేసింది. ఇక్కడి బడిలో పాఠాలు చెప్పింది. బాబాయి బతికినన్నాళ్ళూ ఆ ఫోటో చూసే పిన్ని సముద్రం దాటి వచ్చిందని వచ్చినవాళ్ళకల్లా చెప్పేవాడు. పిన్ని పక్కనే కూర్చుని కూరగాయలు తరుగుతూ వినేది.

పెళ్ళయిన నెలకు ఒక మధ్యాహ్నం పిన్ని కట్టెల కొట్టు తలుపు తట్టింది. లోపలికి వచ్చి, పళ్ళేలు, ఎర్ర అద్దం, తీగకు ఆరేసిన ఫోటోలు అన్నీ చూసింది. మూలన ఉన్న చీపురుపుల్ల తీసి, దాని చివరి అట్టముక్కను వేలితో తిప్పింది.

“మీ బాబాయి ఫోటో ఎవరు కడిగారమ్మా?” అంది.

“బాబాయే, పిన్నీ.”

“ఆయనకి తిన్న కంచం కడగడం కూడా రాదు కదమ్మా,” అంది. కోపంగా కాదు. నేను తల దించుకున్నాను. పిన్నే మళ్ళీ, “నల్లగా ఉన్నారని కాదే తల్లీ. నేనేమన్నా తెల్లగున్నానేటి? అడిగాను కదా. రాసి మరీ అడిగాను,” అంది. పుల్లను ఉన్నచోటే పెట్టి వెళ్ళిపోయింది. ఆ మాట మళ్ళీ ఎప్పుడూ ఎత్తలేదు. నాకు జడ వేసింది, లెక్కలు చెప్పింది, నా పెళ్ళికి తన చేత్తో పూలు గుచ్చింది. పిన్ని వచ్చిన ఏడాదే నేను ఫోటోలు కడగడం మానేశాను. కళ్ళు మంటలని ఇంట్లో చెప్పాను.

ఇప్పుడు వాళ్ళెవరూ లేరు. ఇన్నేళ్ళుగా ఎవరు అడిగినా మా బాబాయి పౌడరు గురించి, ఎండలో కాగితాలు లెక్కపెట్టడం గురించి, పనసపండు దొంగ గురించి చెప్పి నవ్వించాను. అందరికన్నా తెలివైనదాన్ని నేనేనని వినేవాళ్ళకు తెలిసేటట్టు చెబుతాను. ఒక్క సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. బాబాయి ఆ అమ్మాయి ఫోటోను పడక్కుర్చీలో పడుకుని చూసి, వెంటనే నాకిచ్చేశాడు. ఆయన దాన్ని వెనక్కి తిప్పి చదివాడో లేదో నాకు ఈనాటికీ తెలియదు. నేను చదివాను.